పిల్లల్లో తీవ్ర మలేరియా: ఆర్టెసునేట్ 2.4 ఆ, 3 ఆ? సెలైన్ బోలస్ ఉంచాలా, తీసేయాలా?

మన్యం_మెడికో (ప్రశ్న)

ఏజెన్సీ ప్రాంతంలో 30 పడకల ఆసుపత్రి. ఫాల్సిపారం రకం మలేరియా తీవ్రంగా వచ్చిన పిల్లల కోసం గోడకు అంటించడానికి ఒక పేజీ కాగితం తయారవుతోంది. పాత కాగితంలో ఇలా ఉంది: ఆర్టెసునేట్ కిలోకు 2.4 మి.గ్రా., చేతులూ కాళ్లూ చల్లబడితే సెలైన్ కిలోకు 20 మి.లీ. గబగబా (బోలస్), స్పృహ లేకపోతే మెదడు వాపుకని మానిటాల్, డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్), ఫిట్స్ రాకుండా ముందుగానే గార్డినల్ (ఫినోబార్బిటాల్).

వీటిలో ఏవి పరిశోధనల్లో నిలబడ్డాయి, ఏవి కొట్టుకుపోయాయి? 20 కిలోల లోపు పిల్లలకు 3 మి.గ్రా. అంటున్నారు, ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? మందు కలిపే పద్ధతి కూడా ఎవరైనా మి.లీ.లతో సహా రాస్తే నర్సులకు పనికొస్తుంది. వెంటిలేటర్ లేదు. గ్లూకోమీటరు, ఆక్సిజన్, రక్తం నిల్వ ఉంచే చిన్న యూనిట్ ఉన్నాయి.

పిల్లల_వార్డు

మీ పాత కాగితంలో నిలబడేది ఆర్టెసునేట్ ఒక్కటే సార్. అదీ డోసు మార్చాకే.

ముందు మందు సంగతి. ఆసియాలో 1461 మంది మీద చేసిన పరీక్ష (సీక్వామాట్, 2005) ఫలితం క్వినైన్‌తో 22 శాతం మరణాలు, ఆర్టెసునేట్‌తో 15. బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేషియాతో పాటు మన దేశమూ అందులో ఉంది. కానీ అందులో 15 ఏళ్లలోపు వాళ్లు 202 మందే. అందుకని ఆఫ్రికా పిల్లల మీద విడిగా చేశారు: ఆక్వామాట్, 2010, తొమ్మిది దేశాలు, 5425 మంది పిల్లలు. క్వినైన్‌తో 10.9 శాతం చనిపోతే ఆర్టెసునేట్‌తో 8.5. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, దాదాపు 40 మంది పిల్లలకు మందు మారిస్తే ఒక ప్రాణం నిలిచినట్టు లెక్క.

తేడా ఎందుకంటే, క్వినైన్ దెబ్బ ముదిరిన పరాన్నజీవి మీదే ఎక్కువ. ఆర్టెసునేట్ లేత ఉంగరం దశలోనే (ఎర్రకణంలో పరాన్నజీవి ఉంగరంలా కనబడే తొలి దశ) చంపేస్తుంది. ఉంగరం ముదిరితే ఆ ఎర్రకణం మెదడు, పేగు, మూత్రపిండాల సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుపోతుంది. పిల్లవాణ్ణి ముంచేది ఆ అతుకుడే. కాబట్టి ఇక్కడ గంటలు లెక్క. డోసులు 0, 12, 24 గంటలకు, తర్వాత రోజుకొకటి. రాత్రి రెండింటికి మొదటి డోసు పడితే రెండోది మధ్యాహ్నం రెండింటికే. పొద్దున రౌండ్స్‌కి సర్దుకుందామని ఎనిమిదికి ఇవ్వడం, లేదా సాయంత్రం దాకా ఆపడం, రెండూ తప్పే. కాగితం మీద "12 గంటలకు" అని కాదు, గడియారం సమయం రాసే ఖాళీ పెట్టండి.

3 మి.గ్రా. లెక్క: చిన్న పిల్లల శరీరం మందును త్వరగా బయటికి పంపేస్తుంది. పెద్దవాళ్లకిచ్చినట్టే కిలోకు 2.4 ఇస్తే రక్తంలో చేరే మొత్తం తక్కువవుతోందని ఔషధ మోతాదు విశ్లేషణల్లో తేలింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 కిలోల లోపు వాళ్లకు 3 అని మార్చింది. మన 2013 నాటి జాతీయ ఔషధ విధానంలో అందరికీ 2.4 అనే ఉంటుంది, పాత కాగితాలన్నీ దాన్ని చూసి రాసినవే.

ఇక బోలస్. ఫీస్ట్ పరీక్ష, 2011. కెన్యా, ఉగాండా, టాంజానియాలో తీవ్రమైన జ్వరంతో పాటు రక్తప్రసరణ మందగించిన 3141 మంది పిల్లలు. అల్బుమిన్ బోలస్ వాళ్లలో 48 గంటల్లో 10.6 శాతం, సెలైన్ బోలస్ వాళ్లలో 10.5 శాతం చనిపోయారు. బోలస్ ఇవ్వనివాళ్లలో 7.3. వీళ్లలో 57 శాతం మందికి మలేరియా ఉంది, వాళ్లలోనూ బోలస్ వల్ల మేలు కనబడలేదు. పైగా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్ల పోయినవాళ్లు తక్కువ, రక్తప్రసరణ కుప్పకూలి పోయినవాళ్లే ఎక్కువ. "నీళ్లు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, అది రాకుండా చూసుకుంటే చాలు" అనే ధీమా అక్కడితో పోయింది.

మలేరియాలో చేతులు చల్లబడటానికి అసలు కారణం ఒంట్లో నీళ్లు తగ్గడం ఒక్కటే కాదు. సన్న నాళాలు మూసుకున్నాయి, పైగా రక్తం పలచబడింది. దాన్ని సెలైన్‌తో ఇంకా పలచన చేస్తే ఆక్సిజన్ మోసేది ఏముంటుంది? ఫీస్ట్‌లో మూడోవంతు పిల్లలకు హీమోగ్లోబిన్ 5 కన్నా తక్కువ.

కాబట్టి మీ కాగితంలో: బోలస్ లేదు. మెయింటెనెన్స్ గంటకు కిలోకు 2.5 నుంచి 4 మి.లీ., ఫీస్ట్‌లో బోలస్ లేని గుంపుకు ఇచ్చింది అంతే. 12 కిలోల పిల్లకు గంటకు 30 నుంచి 48 మి.లీ. సాధారణ డ్రిప్ సెట్‌లో నిమిషానికి కొన్ని చుక్కలు ఎక్కువైనా ఈ లెక్క దాటిపోతుంది, 60 చుక్కల మైక్రో సెట్ లేదా బ్యూరెట్ వాడండి. మైక్రో సెట్‌లో గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు, నర్సుకి భాగహారం ఉండదు.

విరేచనాలతో ఎండిపోయిన పిల్లలు ఫీస్ట్‌లో లేరు. వాళ్ల లెక్క వేరు, దాన్ని దీనితో కలపొద్దు. తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్లనూ తీసుకోలేదు.

మందుల_గది

కలిపే పద్ధతి. 60 మి.గ్రా. వయల్‌తో పాటు రెండు ఆంపూల్స్ వస్తాయి: 1 మి.లీ. 5 శాతం సోడియం బైకార్బొనేట్, 5 మి.లీ. సెలైన్.

బైకార్బొనేట్ మొత్తం పొడిలో వేసి మెల్లగా ఊపాలి. గ్యాస్ పుడుతుంది కాబట్టి మూతకు సూది గుచ్చి గాలి పోనివ్వాలి. ద్రవం మబ్బుగా ఉన్నంతసేపూ ఆగాల్సిందే. తేటపడకపోతే పారేయాలి, వడకట్టి వాడేది కాదు.

తేటపడ్డాక, నరానికైతే 5 మి.లీ. సెలైన్ (లేదా 5 శాతం డెక్స్ట్రోజ్) కలిపితే మొత్తం 6 మి.లీ., మి.లీ.కి 10 మి.గ్రా. తొడ కండకైతే 2 మి.లీ. మాత్రమే కలపాలి, మొత్తం 3 మి.లీ., మి.లీ.కి 20 మి.గ్రా. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. నరానికి కలిపిన మందును నరం దొరకలేదని తొడకు ఇస్తే రెట్టింపు ద్రవం కండలోకి పోతుంది. తొడకని కలిపిన దాన్ని నరానికి లెక్కేస్తే రెట్టింపు డోసు పడుతుంది. కలిపే ముందే దారి తేల్చుకోవాలి.

12 కిలోల పిల్ల: 12 × 3 = 36 మి.గ్రా. నరానికి 3.6 మి.లీ., పైకి సర్ది 4 మి.లీ. తొడకు 1.8, సర్ది 2 మి.లీ. సర్దడం ఎప్పుడూ పైకే. 19 కిలోలైతే 57 మి.గ్రా., ఒక వయల్. 22 కిలోలైతే 22 × 2.4 = 52.8, ఇదీ ఒక వయలే. అంటే 25 కిలోల దాకా రెండో వయల్ అక్కర్లేదు. మార్కెట్లో 120 మి.గ్రా. వయల్ కూడా దొరుకుతుంది, దాంతో ఈ మి.లీ.లు పనికిరావు. కాగితంపైన "60 వయల్‌కు మాత్రమే" అని ఎర్రగా రాయించండి.

నరానికి ఇచ్చేటప్పుడు నిమిషానికి 3, 4 మి.లీ. చొప్పున తోయాలి. తొడకైతే ముందువైపు.

మన్యం_మెడికో

కలిపిన మందును 100 మి.లీ. సెలైన్‌లో వేసి అరగంట డ్రిప్‌గా పెట్టొచ్చా? దారమంత సన్నని నరంలో నెట్టాలంటే సిస్టర్లు భయపడుతున్నారు. మిగిలిన సగం వయల్ ఫ్రిజ్‌లో పెట్టి 12 గంటల డోసుకు వాడొచ్చా? ఒక్కో వయల్ సగం పారబోస్తున్నాం.

మందుల_గది

రెండింటికీ వద్దు. ఆర్టెసునేట్ నీళ్లలో నిలవదు, విచ్ఛిన్నమైపోతుంది. కలిపిన గంటలోపు లోపలికి పోవాలి. డ్రిప్‌లో పెడితే సీసాలో ఉన్నంతసేపూ బలం తగ్గుతూనే ఉంటుంది, గొట్టంలో కొంత మిగిలిపోతుంది, ఫిట్ వచ్చి డ్రిప్ ఆపితే ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. ఫ్రిజ్‌లో పెట్టినదానికి పూచీ లేదు. ఇద్దరు పిల్లలు ఒకేసారి ఉంటే అప్పుడే వేర్వేరు సిరంజిల్లో పంచుకోవచ్చు, అంతే. నరం దొరక్కపోతే తొడకివ్వండి. ఆక్వామాట్‌లోనూ రెండు దారులూ వాడారు.

ఐసీయూ_రాత్రి_డ్యూటీ

మిగతా మూడు మందుల గురించి.

డెక్సా: 1982లో థాయ్‌లాండ్‌లో మెదడు మలేరియా వచ్చిన 100 మంది మీద చూశారు. బతికినవాళ్లకు స్పృహ రావడానికి డెక్సాతో 63 గంటలు, లేకుండా 47. పైగా న్యుమోనియా, కడుపులో రక్తస్రావం పెరిగాయి. నలభై ఏళ్ల కిందట ముగిసిన సంగతి ఇంకా గోడల మీద ఉండటం మాత్రం ఆశ్చర్యమే.

మానిటాల్: ఉగాండా పిల్లల్లో ఒక్క డోసు ఇచ్చి చూస్తే ఫలితం లేదు. రూర్కెలాలో సీటీలో మెదడు వాపు కనబడ్డ 61 మంది పెద్దవాళ్ల మీద చూస్తే స్పృహ రావడానికి మానిటాల్‌తో 90 గంటలు, లేకుండా 32. వాపే శత్రువన్నది నిజమే. మలావీలో ఎంఆర్ఐ తీసిన పిల్లల్లో (2015లో ప్రచురించారు) చనిపోయిన 25 మందిలో 21 మందికి చేరినప్పుడే మెదడు బాగా వాచి ఉంది. కానీ ఆ వాపును మానిటాల్ తగ్గిస్తుందని రుజువు కాలేదు.

గార్డినల్: అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. కిలిఫీ (కెన్యా), 2000, స్పృహ లేని 340 మంది పిల్లలు. ఫిట్స్ రాకుండా ముందుగానే ఫినోబార్బిటాల్ కిలోకు 20 మి.గ్రా. తొడకిచ్చారు. ఫిట్స్ 27 శాతం నుంచి 11కి తగ్గాయి. మరణాలు 8 నుంచి 18 శాతానికి పెరిగాయి! మందు తన పని తాను చేసింది, పిల్లలు ఊపిరాగి పోయారు. డయజెపామ్ మూడు డోసులు, అంతకన్నా ఎక్కువ పడ్డవాళ్లలో ప్రమాదం మరీ ఎక్కువ. వెంటిలేటర్ లేని మీలాంటి చోట ముందుజాగ్రత్త గార్డినల్ కొట్టేయండి.

వచ్చిన ఫిట్‌కు మాత్రం మందు ఇవ్వాలి. ఐదు నిమిషాలు దాటితే డయజెపామ్ నరానికి కిలోకు 0.3 మి.గ్రా. మెల్లగా, నరం లేకపోతే మలద్వారంలో 0.5. పది నిమిషాలకూ ఆగకపోతే ఇంకొక్కసారి. మూడోసారి సిరంజి పట్టుకునే ముందు బ్యాగ్-మాస్క్ మంచం మీద ఉండాలి. అంతకన్నా ముందు, మొదటి డయజెపామ్‌కీ ముందే, వేలు గుచ్చి చక్కెర చూడాలి.

చక్కెర 40 మి.గ్రా. లోపుంటే ప్రమాదమే, స్పృహ లేని పిల్లకు 54 లోపు ఉన్నా నింపేయండి. 10 శాతం డెక్స్ట్రోజ్ కిలోకు 5 మి.లీ. మీ దగ్గర 25 శాతం సీసాలే ఉంటే 12 కిలోలకు 24 మి.లీ. తీసి 36 మి.లీ. స్టెరైల్ వాటర్ కలపండి, 60 మి.లీ. పది శాతం అవుతుంది. 25 శాతాన్ని అలాగే సన్న నరంలో తోస్తే నరం పోతుంది. అరగంటకు మళ్లీ చూడండి, తర్వాత నాలుగు గంటలకోసారి. ఒకసారి సరిగ్గా ఉందని వదిలేస్తే తెల్లవారుజామున మళ్లీ పడిపోతుంది, పిల్ల కోమా ముదిరిందనుకుంటారు.

అన్ని ఫిట్స్‌కూ చేతులూ కాళ్లూ కొట్టుకోవు. కళ్లు ఒక మూలకే నిలిచిపోవడం, పెదవి మూల అదరడం, ఒక్క బొటనవేలు టిక్కుటిక్కుమనడం, చొంగ కారడం, ఊపిరి తప్పి తప్పి రావడం, ఇవీ ఫిట్సే. దుప్పటి కప్పి ఉంటే ఎవరికీ కనబడవు.

స్పృహ కొలవడానికి పెద్దవాళ్ల గ్లాస్గో కాదు, బ్లాంటైర్ స్కేలు వాడండి. తల్లి ముఖాన్ని కళ్లతో వెంబడిస్తే 1, లేకపోతే 0. గోరు మీద పెన్సిల్‌తో నొక్కితే చేయి వెనక్కి లాక్కుంటే 1, రొమ్ముటెముక మీద నొక్కితే నొప్పి ఉన్న చోటికే చేయి తెస్తే 2, కదలకపోతే 0. సరిగ్గా ఏడిస్తే 2, మూలిగితే 1, అసలేం లేకపోతే 0. మొత్తం 5కి 2, అంతకంటే తక్కువైతే కోమా. ఫిట్ ఆగిన వెంటనే కొలిస్తే తక్కువే వస్తుంది, అరగంట ఆగి మళ్లీ కొలవాలి.

కొత్తగా_చేరా

ఇవన్నీ ఆఫ్రికా లెక్కలు కదండీ? అక్కడ ఆసుపత్రికి చేరేవాళ్లంతా నాలుగైదేళ్ల లోపు పిల్లలు, రక్తం పలచబడి వస్తారు. మన దగ్గర పెద్ద పిల్లలు కామెర్లతో, మూత్రం ఆగి వస్తారు. బోలస్ ఫలితం ఇక్కడికి ఎలా వర్తిస్తుంది?

పిల్లల_వార్డు

మంచి ప్రశ్నే. సంక్రమణ తక్కువగా ఉన్న చోట పెద్ద పిల్లలకూ తీవ్రంగా వస్తుంది, కామెర్లు, కిడ్నీ దెబ్బ ఎక్కువ కనబడతాయి. కానీ ఆ తేడా బోలస్ వైపు మొగ్గదు, ఇంకా వ్యతిరేకంగానే పోతుంది. మూత్రం రాని పిల్లకు కిలోకు 20, 40 మి.లీ. దింపితే బయటికి పోయే దారి లేదు. నాడి దొరకని, రక్తపోటు బాగా పడిపోయిన పిల్ల మాత్రం వేరే ప్రశ్న, ఫీస్ట్‌లో అలాంటివాళ్లను విడి గుంపుగా చూశారు, చాలా కొద్దిమందే. వాళ్లకు బ్యాక్టీరియా సెప్సిస్ కూడా ఉందని అనుకోవాల్సిందే.

ఆ మాటకొస్తే, మలేరియా స్లైడు పాజిటివ్ అని మిగతా వెతుకులాట ఆపేయడమే అసలు ఉచ్చు. మలావీలో మెదడు మలేరియా అని తేల్చిన 31 మంది పిల్లలకు శవపరీక్ష చేస్తే (2004) ఏడుగురు వేరే జబ్బుతో పోయారని తేలింది. మలేరియా నిజంగా మెదడులో ఉందని చెప్పగలిగిన బయటి గుర్తు ఒక్కటే, కంటి రెటీనాలో తెల్లని మచ్చలు, రంగు మారిన నాళాలు, రక్తపు చుక్కలు. ఆఫ్తాల్మోస్కోప్ ఉంటే, కనుపాప పెద్దదయ్యే మందు వేసి చూడండి. లేకపోయినా, కోమాలో ఉన్న పిల్లకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ మొదలుపెట్టి, వీలైతే ముందుగా బ్లడ్ కల్చర్ తీసి, మెనింజైటిస్ లేదని తేలేదాకా ఆపకండి.

రక్తం: హీమోగ్లోబిన్ 4 లోపైతే ఎక్కించాల్సిందే. 4 నుంచి 6 మధ్య ఉండి, ఊపిరి లోతుగా ఎగదీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, స్పృహ తగ్గినా ఎక్కించాలి. అవేవీ లేకపోతే ఆగి చూడొచ్చు. ట్రాక్ట్ పరీక్షలో (ఉగాండా, మలావీ, 2019) అలా ఆగిన పిల్లల్లో సగానికి సగం మందికి రక్తం అవసరమే రాలేదు, మరణాలూ పెరగలేదు. కానీ ఆగడమంటే ఇంటికి పంపడం కాదు, కొన్ని గంటలకోసారి మళ్లీ హీమోగ్లోబిన్ చూడటం.

ఎంత ఎక్కించాలన్న దగ్గరే దాని అసలు పాఠం ఉంది. జ్వరం లేని పిల్లలకు హోల్ బ్లడ్ కిలోకు 30 మి.లీ. మేలు చేసింది, జ్వరం ఉన్నవాళ్లకు అదే 30 చెరుపు చేసి 20 మేలు చేసింది. గీత 37.5 డిగ్రీల దగ్గర. ప్యాక్డ్ సెల్స్ (ప్లాస్మా తీసేసిన ఎర్రకణాలు) అయితే ఈ అంకెల్లో సగం, అంటే 15, 10. బ్యాగ్ తగిలించే ముందు థర్మామీటరు పెట్టి ఆ అంకె కేస్ షీట్‌లో రాయండి.

మన్యం_మెడికో

మా దగ్గరికి రాకముందు సబ్‌సెంటర్‌లో ఏం ఇచ్చి పంపమని చెప్పాలి? మలద్వారంలో పెట్టే ఆర్టెసునేట్ గురించి రెండు రకాలుగా వింటున్నాం.

పిల్లల_వార్డు

రెండూ నిజమే. 2009లో వచ్చిన పరీక్షలో (బంగ్లాదేశ్, ఘనా, టాంజానియా) ఆసుపత్రికి చేరడానికి గంటలు పట్టే చిన్న పిల్లల్లో మలద్వారంలో పెట్టే 100 మి.గ్రా. గొట్టాలు (గుళికలు) మరణాలు, వైకల్యం తగ్గించాయి. తర్వాత కాంగో, నైజీరియా, ఉగాండాలో కరామల్ అనే ప్రాజెక్టులో ఊళ్లలో పంచి చూస్తే మరణాలు తగ్గలేదు, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విస్తరణ ఆపమంది. గొట్టం పెట్టాక పిల్ల కళ్లు తెరిచింది కదా అని ఆసుపత్రికి తీసుకుపోకపోవడం, తీసుకుపోయినా పూర్తి కోర్సు ఇవ్వకపోవడం, అక్కడ తెగింది గొలుసు.

మీ సబ్‌సెంటర్‌లో ఇంజెక్షన్ వేయగలిగిన ఏఎన్ఎం ఉంటే తొడకు ఆర్టెసునేట్ ఒక డోసు వేసి పంపడమే మొదటి ఎంపిక. ఆ సమయాన్ని రిఫరల్ చీటీ మీద రాయాలి, అదే మీ 0 గంట. గొట్టమే గతి అయితే ఆరేళ్లలోపు వాళ్లకు మాత్రమే, కిలోకు 10 మి.గ్రా., అరగంటలో బయటికొస్తే మళ్లీ పెట్టాలి.

స్లైడు_గది

ల్యాబ్ వైపు నుంచి కొన్ని.

మందు మొదలైన మొదటి 12 గంటల్లో పరాన్నజీవుల లెక్క పెరిగితే డాక్టర్లు కంగారుపడి మందు మార్చమంటారు. నాళాల్లో దాగినవి పగిలి కొత్త ఉంగరాలు వదులుతాయి, అందుకే పెరుగుతుంది. మార్చొద్దు, 24 గంటల స్లైడు చూడండి. లెక్క రాసేటప్పుడు "++" అని రాయకండి, 200 తెల్లకణాలకు ఎన్ని అని లెక్కపెట్టి 40తో హెచ్చించండి. 500 కనబడితే మైక్రోలీటరుకు 20,000. స్లైడులో న్యూట్రోఫిల్ కణాల్లో గోధుమరంగు నలక కనబడితే అదీ రాయండి, పరాన్నజీవులు తక్కువున్నా లోపల భారం ఎక్కువని దాని అర్థం.

పంపించేటప్పుడు, ఇంజెక్షన్లు కనీసం మూడు పడి, నోటితో మింగగలిగాక, పూర్తి మూడు రోజుల ఏసీటీ (ఆర్టెసునేట్ లాంటి మందుతో ఇంకో మందు కలిసిన మాత్రలు) ఇవ్వాలి. ఇంజెక్షన్‌తో తగ్గింది కదా అని మాత్రలు ఎగ్గొడితే మళ్లీ తిరగబెడుతుంది. మన రాష్ట్రాల్లో జాతీయ విధానం ప్రకారం ఆర్టెసునేట్-ఎస్పీ (సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్). కోమాలోంచి లేచిన పిల్లకు మెఫ్లోక్విన్ ఉన్న కలయిక ఇవ్వొద్దు, మానసిక సమస్యలు వస్తాయి.

డిశ్చార్జి చీటీలో 7వ, 14వ, 28వ రోజు హీమోగ్లోబిన్ అని రాయండి. ఆర్టెసునేట్ పరాన్నజీవిని చంపాక ప్లీహం ఆ చచ్చిన ఉంగరాన్ని ఎర్రకణంలోంచి పీకేసి కణాన్ని తిరిగి రక్తంలోకి వదులుతుంది. ఆ కణాల ఆయుష్షు ఒకటి రెండు వారాలే. అవన్నీ ఒకేసారి పగిలితే కోలుకున్న పిల్ల 7 నుంచి 21 రోజుల మధ్య మళ్లీ పాలిపోతుంది, మూత్రం ముదురు రంగుకి తిరుగుతుంది. చేరినప్పుడు పరాన్నజీవులు ఎక్కువున్నవాళ్లలో ఇది ఎక్కువ. అది మలేరియా తిరగబెట్టడం కాదు, మళ్లీ ఆర్టెసునేట్ ఎక్కించొద్దు. స్లైడు తీయండి, హీమోగ్లోబిన్ చూడండి, అవసరమైతే రక్తమివ్వండి.

ఆ రోజు ర్యాపిడ్ కిట్ పెడితే ఫాల్సిపారం గీత వస్తుంది, మోసపోకండి. కిట్ పట్టేది హెచ్ఆర్‌పీ2 ప్రోటీన్‌ని, పరాన్నజీవి చచ్చాక కూడా అది వారాల తరబడి రక్తంలో ఉంటుంది. 14వ రోజు స్లైడే చూడాలి, కిట్ కాదు.